వరంగల్ నుంచి ప్రాణహిత దాకా: రాతి పొరలు చదివే పద్ధతి

శిలాజం కనబడగానే చెయ్యి దాని మీదికే పోతుంది. పోనివ్వద్దు. ఎముక ఏ జంతువుదో తర్వాత ఎవరైనా తేల్చగలరు. అది ఏ పొరలో ఉండె, దాని పైన ఏముండె, కింద ఏముండె అన్నది మాత్రం పెకిలించిన తర్వాత ఎవరూ చెప్పలేరు. భూమ్మీద ఏ జీవి ముందు, ఏది వెనక అని తెలిసేది ఆ వరుస వల్లనే. అందుకే ఇక్కడ ఎముకల కంటే పొరల మాటే ఎక్కువ ఉంటుంది. జియాలజీ విద్యార్థులు, పిల్లల్ని గుట్టలకు తీసుకుపోయే సైన్సు టీచర్లు, సెలవు రోజున చరిత్ర జాడలు వెతికే బృందాలు ఈ పద్ధతిని ఉన్నదున్నట్టు వాడుకోవచ్చు.

ముందు దారి తెలియాలి

హన్మకొండ నుంచి పరకాల, రేగొండ, భూపాలపల్లి, మహదేవపూర్ మీదుగా కాళేశ్వరం పోయే రోడ్డు ఈ పాఠానికి చాలా అనువైనది. ఈశాన్యానికి పోతున్నకొద్దీ మొత్తం మీద రాళ్ల వయసు తగ్గుతూ వస్తుంది. కారణం సులువు. ప్రాణహిత–గోదావరి లోయలోని పొరలు ఎక్కువచోట్ల ఈశాన్యం వైపు కొద్దిగా వాలి ఉంటాయి. పాత పొరలు నైరుతి అంచున బయటపడతాయి, కొత్తవి నది వైపు.

హన్మకొండ పద్మాక్షి గుట్ట, కోటలోని ఏకశిల గుట్ట గ్రానైట్ జాతివి. వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. ఇది కరిగిన ముద్ద భూమి లోతుల్లో గట్టిపడి ఏర్పడిన రాయి. ఇందులో శిలాజం ఉండదు, వెతకొద్దు. వేయిస్తంభాల గుడిలో నున్నగా మెరిసే నల్లరాయి కూడా అంతే. అది గ్రానైట్ పగుళ్లలోకి ఎగదన్నిన డోలరైట్ రకం. గుట్టల్లో నల్లటి గోడలా పొడుగ్గా సాగే డైకులు కనబడతాయి కదా, అదే రాయి.

గ్రానైట్ దాటాక వచ్చేవి పాకాల చెరువు పేరుతో పిలిచే పాకాల రాళ్లు, వాటి మీద సుల్లవాయి ఇసుకరాళ్లు. రేగొండ దగ్గరి పాండవుల గుట్టల్లో ఇసుకరాతి పొరలు ఎంత స్పష్టంగా ఉంటాయంటే, పొర అంటే ఏమిటో పిల్లలకు చూపించాలంటే అంతకంటే మంచి చోటు లేదు. అక్కడి ఆదిమానవుల ఎర్ర బొమ్మలను ముట్టుకోవద్దు, తడపొద్దు, వాటి మీద చాక్‌పీసు గీత గీయొద్దు. పాకాల వరుసలోని సున్నపురాయి, డోలమైట్లలో స్ట్రోమటోలైట్లు దొరుకుతాయి. సయనోబ్యాక్టీరియా అనే సూక్ష్మజీవుల జిగురు చాపలు పొర మీద పొరగా పేర్చుకుంటూ పోయిన గుబ్బలవి. ఇంకా జంతువులే పుట్టని కాలం అది.

ఆ తర్వాత పెద్ద ఖాళీ. సుల్లవాయికీ దాని మీది గోండ్వానా రాళ్లకూ (బొగ్గు, డైనోసార్ ఎముకలు ఉన్న వరుస ఇదే) మధ్య పదుల కోట్ల ఏళ్ల పొరలు ఇక్కడ లేవు. ట్రైలోబైట్లు అనే పాత సముద్రజీవులు ఏలిన కేంబ్రియన్ కాలం పూర్తిగా ఆ ఖాళీలోనే పోయింది. ఎవరైనా గోదావరి ఒడ్డున ట్రైలోబైట్ దొరికిందని ఫోటో పంపితే, అది కొన్నదో ఇంకేదో అయి ఉంటుంది. శాలగ్రామం సంగతీ అంతే. దేవుడి అర్రలో ఉండే శాలగ్రామం నేపాల్ గండకీ నది నుంచి వచ్చిన అమ్మోనైట్, సముద్రజీవి. మన గోండ్వానా పొరలు నదులు, చెరువులు, వరద మైదానాలు పేర్చినవి. వాటిలో అమ్మోనైట్ కోసం తిరగడం వృథా.

గోండ్వానా వరుస అడుగు నుంచి పైకి ఇలా ఉంటుంది: తాల్చేర్, బొగ్గున్న బరాకర్, బొగ్గు లేని పొరలు, కామ్టీ, కుందారం, యెర్రపల్లి, భీమారం, మలేరి, ధర్మారం, కోట, గంగాపూర్, చికియాల. కుందారం నుంచి పైకి దాదాపు అన్నీ ఊళ్ల పేర్లే. ఆ ఊళ్లు చాలావరకు మంచిర్యాల, ఆసిఫాబాద్ వైపు ఉన్నాయి. అందుకని వరుసలోని పై భాగం చూడాలంటే మంచిర్యాల నుంచి భీమారం మీదుగా చెన్నూరు పోయే రోడ్డు మేలు. భూపాలపల్లి రోడ్డులో బొగ్గు దాకా బాగుంటుంది, ఆ పైన అడవి, చెలకలు పొరల్ని చాలాచోట్ల కప్పేశాయి.

ఏం తీసుకుపోవాలి

పదిరెట్లు పెద్దదిగా చూపే చేతి లెన్సు ఒక్కటి కొనండి, మిగతావి చాలావరకు సులువుగా సమకూరుతాయి. లెన్సును కంటికి ఆనించి రాయిని దగ్గరికి తేవాలి. లెన్సును రాయి దగ్గర పెట్టి దూరం నుంచి చూస్తే ఏమీ కనబడదు, కొత్తవాళ్లందరూ చేసే తప్పు ఇదే. సుత్తి 700 నుంచి 900 గ్రాములది చాలు, కానీ మేస్త్రీ సుత్తి వద్దు. దాని ఉక్కు పెళుసు, పెచ్చులు లేచి కంట్లో పడతాయి. సుత్తి ఎత్తిన ప్రతిసారీ కళ్లద్దాలు ఉండాలి.

ఒకటిన్నర మీటరు వెదురు కర్ర లేదా పీవీసీ పైపు తీసుకొని ప్రతి 10 సెంటీమీటర్లకు ఎరుపు, తెలుపు పెయింటు వేయండి. పొరల మందం కొలిచేది దీనితోనే. వాలు కోణం కోసం ఫోన్లో క్లైనోమీటర్ యాప్ పనికొస్తుంది, కానీ దిక్కు విషయంలో ఫోన్‌ను గుడ్డిగా నమ్మొద్దు. బండికి అయిదారు మీటర్ల దూరంలో, సుత్తి కింద పెట్టి చూడండి. డోలరైట్ డైకు పక్కన అయితే అయస్కాంతం పక్కకు లాగుతుంది, అక్కడ సూర్యుణ్ని చూసి సరిచూసుకోవడమే.

పది శాతం హైడ్రోక్లోరిక్ యాసిడ్ చిన్న డ్రాపర్ సీసాలో ఉండాలి. కాలేజీ ల్యాబులో కలిపించుకోండి. నీళ్లలో యాసిడ్ పోయాలి, యాసిడ్‌లో నీళ్లు కాదు. పిల్లలతో పోతే వెనిగర్ చాలు, నురగ తక్కువ వస్తుంది కాబట్టి లెన్సుతో చూడాలి. ఇంకా 30 మీటర్ల టేపు, పెన్సిలు, గళ్ల నోటుబుక్కు, చెరగని మార్కర్, జిప్ సంచులు, పాత పేపర్లు. ఇంకు పెన్ను వద్దు, చెమటకు రాత కారిపోతుంది.

రాయి ఏదో తేల్చడం

తాజాగా విరిగిన ముఖం చూడాలి. ఎండకు, వానకు నల్లబడ్డ పైపొట్టు చూసి పేరు పెడితే నూటికి యాభై తప్పే.

రేణువులు కంటికి కనబడితే ఇసుకరాయి. కనబడకపోతే చిన్న పలుకు మునిపళ్ల మధ్య పెట్టి మెల్లగా కదపండి. కరకరమంటే సిల్ట్ రాయి, వెన్నలా జారితే బంకమట్టి రాయి. మొరటు పరీక్షే గానీ ఇంతకంటే తొందరగా తేల్చేది ఇంకోటి లేదు. గని దగ్గర, ఊరి పక్క మురుగు దగ్గర మాత్రం చేయొద్దు.

యాసిడ్ చుక్క వేయగానే గట్టిగా పొంగితే సున్నపురాయి. పొంగకపోతే కత్తితో గీరి, ఆ పొడి మీద వేయండి. అప్పుడు మెల్లగా పొంగితే డోలమైట్. పాకాల వరుసలో రెండూ ఉన్నాయి కాబట్టి ఈ రెండో పరీక్ష దాటేయొద్దు. ఇసుకరాయి పొంగిందంటే రేణువుల్ని అతికించిన జిగురు సున్నం అని అర్థం, రాయి సున్నపురాయి అని కాదు.

పేరు పెట్టడంతో పని అయిపోదు. రాయి ఏ చోట ఏర్పడిందో చెప్పే గుర్తులు చూడాలి. తాల్చేర్‌లో ఆకుపచ్చ ఛాయ మట్టిరాయి మధ్యలో అన్ని సైజుల బండలు కలగాపులగంగా ఉంటాయి, కొన్నింటి మీద చదును ముఖాలు, గీతలు ఉంటాయి. నది అయితే సైజు ప్రకారం వేరుచేస్తుంది. మంచు వేరుచేయదు, అంతా కలిపి ఈడ్చుకొస్తుంది. సుమారు 30 కోట్ల ఏళ్ల కింద ఈ నేల దక్షిణ ధ్రువానికి దగ్గరగా, హిమానీనదాల కింద ఉండేది. ఇప్పుడు రామగుండంలో మే నెల ఎండ చూసినవాళ్లకు నమ్మబుద్ధి కాదు. మలేరిలో ఎర్ర మట్టిరాయి, అందులో వేలి గోరంత నుంచి నిమ్మకాయంత సున్నపు గడ్డలు ఉంటాయి. అది వాన కొన్నాళ్లు, ఎండ కొన్నాళ్లు ఉన్న వరద మైదానపు నేల. మధ్యలో వచ్చే ఇసుకరాతి పట్టీలు పాత నదీపాయలు. సుల్లవాయిలో కొన్ని ఇసుకరాళ్లు నీరు తెచ్చినవి కావు, గాలి తెచ్చినవి.

పొరల వరుస కొలవడం

వాగు ఒడ్డు, ఒర్రె గోడ, రోడ్డు కోసిన గట్టు, వీటిలో ఏదైనా సరే, కనీసం అయిదు మీటర్ల ఎత్తు తెగకుండా కనబడే చోటు ఎంచుకోండి. బావి తవ్వితీసిన మట్టి, ఓసీ (పైనుంచి తవ్వే బొగ్గు గని) పక్కన ఓబీ గుట్టలు (బొగ్గు మీది నుంచి తీసి పోసిన మట్టి, రాళ్లు) వద్దు. అక్కడ అన్నీ తారుమారై ఉంటాయి.

1. ముందు దూరంగా నిలబడి గట్టు మొత్తం బొమ్మ గీయండి. దగ్గరికి పోయాక చెట్లే కనబడతాయి, అడవి కనబడదు. ఫోటో తీసినా సరే బొమ్మ గీయాల్సిందే. గీసేటప్పుడే ఏ గీత పొర అంచో, ఏది పగులో కన్ను విడదీస్తుంది.

2. వాలు కొలవండి. పొర పై ముఖం మీద పుస్తకం అట్ట పెట్టి, దాని మీద ఫోన్ పెట్టి, కోణం ఎక్కువ వచ్చే దిశ వెతకండి. ఆ కోణమే వాలు, జియాలజీ వాళ్లు డిప్ అనేది ఇదే. వేర్వేరు చోట్ల అయిదు కొలతలు తీసి మధ్యది రాసుకోండి. ఏటవాలు పొరల్లో, అంటే ఒక పొర లోపల పక్కకు వాలిన సన్న గీతల్లో, కొలవొద్దు. అది నీటి ప్రవాహపు వాలు, పొర వాలు కాదు. ఇసుకరాళ్లలో ఎక్కువమంది పడే గుంట ఇదే. ఇరవై, ఇరవై అయిదు డిగ్రీలు వస్తే అనుమానించండి.

3. ఏది పైవైపో తేల్చండి. మన లోయలో పొరలు తిరగబడ్డ చోట్లు అరుదు, అయినా చూడటం అలవాటు చేసుకోవాలి. ఏటవాలు గీతల పై కొసలు నరికినట్టు తెగి ఉంటాయి, కింది కొసలు వంగి నేలకు ఆనుతాయి. ఎండిన బురద పగుళ్లు కిందికి పోతున్నకొద్దీ సన్నబడతాయి. స్ట్రోమటోలైట్ గుబ్బ ఉబ్బు పైకి ఉంటుంది.

4. అడుగు పొర నుంచి మొదలుపెట్టి, కర్రను పొరకు లంబంగా పట్టుకొని కొలుచుకుంటూ పైకి పొండి. వాలు పది డిగ్రీలైతే కర్ర కూడా నిలువు నుంచి పది డిగ్రీలు వంగి ఉండాలి. నిటారుగా పట్టుకుంటే ప్రతి పొరా ఉన్నదానికంటే మందంగా వస్తుంది.

5. రాయి రంగు, రేణువు, మందం, అంచు, శిలాజం అన్నీ ఒకే వరుసలో రాయండి. ఇలా: “పొర 7. ఎర్ర బంకమట్టి రాయి, 2.4 మీ. ఆకుపచ్చ మచ్చలు, సున్నపు గడ్డలు 1–3 సెం.మీ. అడుగు అంచు సూటిగా. పై అంచును పొర 8 ఇసుకరాయి కోసింది. గవ్వ ముక్కలు, అడుగు నుంచి 0.6 మీ.” గవ్వ ఎక్కడ అని రాయకుండా “పొర 7లో గవ్వలు” అని ఊరుకుంటే సగం పని వదిలేసినట్టే.

చదును నేల మీద, చెలకల్లో నడుస్తూ మందం లెక్కగట్టాలంటే వాలు దిశలోనే నడిచి, ఆ దూరాన్ని వాలు కోణపు సైన్ విలువతో గుణించాలి. 5 డిగ్రీలకు 0.087, 10 డిగ్రీలకు 0.174, 15 డిగ్రీలకు 0.259. పది డిగ్రీల వాలున్న చోట ఒక కిలోమీటరు నడిస్తే దాటింది 174 మీటర్ల మందం. అడ్డంగా నడిచి ఈ లెక్క వేస్తే అంకె ఘోరంగా తప్పుతుంది.

నడుస్తూ ఉంటే దాటొచ్చిన ఎర్రమట్టి పొరే మళ్లీ ఎదురైనట్టు అనిపించిందా? రెండు కారణాలుండొచ్చు. నిజంగానే అలాంటిదే ఇంకో పొర కావచ్చు. లేదా మధ్యలో భ్రంశం పొరల్ని తెంపి పక్కకు జరిపి ఉండొచ్చు. ఈ లోయ అంచుల పొడుగునా భ్రంశాలే, లోపల కూడా ఉన్నాయి. వరుసలో ఒక్క పొర కాదు, కనీసం మూడు పొరల జత కలిస్తేనే అదే పొర అని రాయండి.

శిలాజమా, కాదా

రాతి పగులు ముఖం మీద నల్లటి నాచు కొమ్మలా, ఫెర్న్ ఆకులా కనబడేది నూటికి తొంభై సార్లు మాంగనీసు మరక. దానికి ఈనె ఉండదు, పగులు అంచు నుంచి లోపలికి కొమ్మలు వేస్తుంది, పొరను అడ్డంగా కోసిన పగుళ్లలో కూడా ఉంటుంది. ఆకు ముద్ర పొర ముఖం మీదే ఉంటుంది.

సున్నపు గడ్డలు ఎముకల్లా, గుడ్లలా కనబడి మోసం చేస్తాయి. గుడ్డు అని ఊరంతా చెప్పుకునేది చాలాసార్లు ఇదే. విరిగిన ముఖం లెన్సుతో చూడండి. ఎముకలో గుల్లగుల్లగా సన్న గదులు ఉంటాయి, బయటి పొర గట్టిగా లోపల స్పాంజిలా ఉంటుంది. గడ్డలో అంతా ఒకే ముద్ద. గుడ్డయితే పెంకు మందం ఎక్కడ చూసినా దాదాపు ఒకేలా ఉండాలి, పెంకులో సన్న రంధ్రాలు కనబడాలి.

రాయిగా మారిన చెట్టు తేలిక. కత్తి గీత పడదు, ఎందుకంటే లోపలంతా సిలికా నిండింది. అడ్డంగా విరిగిన చోట వలయాలు, పొడుగునా నారలు కనబడాలి. నారలు లేకపోతే అది చెర్ట్ అనే సిలికా రాయి పట్టీ.

బొగ్గు పక్కనున్న నల్ల షేల్‌లో (పలకలుగా విడే మట్టిరాయి) నాలుక ఆకారపు ఆకు, మధ్యలో ఈనె, దాని నుంచి వలలా అల్లుకున్న సన్న ఈనెలు ఉంటే అది గ్లోసోప్టెరిస్ అనే పాత చెట్టుది. సింగరేణి బొగ్గు చాలావరకు ఈ అడవుల నుంచి వచ్చిందే. ఆ పొరల్లో పువ్వు ఉండదు, గడ్డి ఉండదు, అవింకా పుట్టలేదు. ఎల్లందు దగ్గర ఈ బొగ్గును 1871లో భారత భూగర్భ సర్వే ఉద్యోగి విలియం కింగ్ గుర్తించాడు.

మలేరి ఎర్ర మట్టిలో వెతికేవాళ్లు నాలుగు ఆకారాలు గుర్తుపెట్టుకుంటే చాలు. చిన్న పళ్లు వరుసలు వరుసలుగా పేర్చిన మందపు దవడ పలక రింకోసార్ అనే సరీసృపానిది, అందులో హైపెరోడపెడాన్ అనే రకానిది. విసనకర్రలా గట్లు విచ్చుకున్న పన్ను పలక సెరటోడస్ అనే ఊపిరి చేపది. గుంటలు గుంటలుగా చెక్కినట్టున్న చదును ఎముక మెటోపోసార్ అనే పెద్ద ఉభయచరానిది. మొసలి లాంటి దవడ ఉండి, ముక్కు రంధ్రాలు మూతి కొసన కాకుండా కళ్ల దగ్గర ఉంటే ఫైటోసార్, మన దగ్గర దాన్ని పారాసుకస్ అంటారు. కోట సున్నపురాయిలో మాత్రం చేపలే ఎక్కువ. నల్లగా, గోధుమరంగుగా మెరిసే చతురస్రపు మందపు పొలుసులు చూస్తే చాలు.

నేల మీద ముక్క దొరికితే అక్కడే తవ్వొద్దు. వాన దాన్ని పైనుంచి దొర్లించి తెచ్చింది. గట్టు పైకి పోతూ ముక్కలు ఎక్కడిదాకా దొరుకుతున్నాయో గుర్తు పెట్టండి. అవి ఆగిపోయిన గీత దగ్గరే, లేదా దానికి కొంచెం పైన అసలు పొర ఉంటుంది. ముక్కల అంచులు నున్నగా అరిగితే చాలా దూరం నుంచి వచ్చినట్టు, పదునుగా ఉంటే దగ్గరిదే. ఇసుకరాతి అడుగున అరిగిన ఎముకలు కనబడితే ఇంకో చిక్కు. పాత పొరను నది కోసి, అందులోని ఎముకల్ని కొత్త ఇసుకలో కలిపి ఉండొచ్చు. అలాంటి ఎముక వయసూ, పొర వయసూ ఒకటి కాకపోవచ్చు.

వరుస నుంచి చరిత్ర

కొలిచిన వరుసలన్నీ ఒకదాని పక్కన ఒకటి పెట్టినప్పుడే కథ కనబడుతుంది. ఈ లోయలో అది ఎంత చక్కగా ఉందో చూడండి.

కుందారం పొరల్లో ఎండోథయోడాన్ లాంటి డైసినోడాంట్లు ఉన్నాయి. అవి స్తన్యజీవుల దూరపు చుట్టాలు, మొక్కలు తినేవి. ఆ పైన యెర్రపల్లిలోకి వస్తే ఎండోథయోడాన్ లేదు, వాడియాసారస్ అనే ఇంకో పెద్ద డైసినోడాంట్ ఉంది. ఈ రెండింటి మధ్య 25.2 కోట్ల ఏళ్ల కిందటి పెర్మియన్ చివరి మహావినాశనం జరిగింది. భూచరిత్రలో అంతకంటే పెద్దది లేదు. కొన్ని డైసినోడాంట్ వంశాలు మాత్రం దాన్ని దాటి బతికాయి.

దిగువ మలేరిలో రింకోసార్లదే రాజ్యం. డైనోసార్ కూడా ఉంది, అల్వాకేరియా, కానీ చిన్నది, అరుదు. ఎగువ మలేరికి వచ్చేసరికి రింకోసార్ల జోరు లేదు, నంబాలియా, జక్లపల్లిసారస్ అనే పొడుగు మెడ డైనోసార్ల తొలి చుట్టాలు కనబడతాయి. ఈ రెండిటికీ 2011లో పేర్లు పెట్టారు. ధర్మారంలో లాంప్లగ్‌సారా. దాని మీద కోటలోకి అడుగుపెడితే బారాపాసారస్, కోటసారస్ లాంటి భారీ సారోపాడ్లు, అంటే పొడుగు మెడ డైనోసార్లు. బారాపాసారస్ పొడవు దాదాపు 14 మీటర్లు. మూలమూల దాక్కున్న గుంపు కొన్ని కోట్ల ఏళ్లలో మైదానమంతా ఎలా ఆక్రమించిందో ఇంత కొద్ది దూరంలో, పొర మీద పొరగా చూపించే చోట్లు ప్రపంచంలో ఎక్కువ లేవు. యామన్‌పల్లి దగ్గర దొరికిన కోటసారస్ అస్థిపంజరాన్ని హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో చూడొచ్చు. బారాపాసారస్ కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంది. గణాంక సంస్థలో డైనోసార్ ఏమిటని ఆశ్చర్యపోవద్దు. దాని వ్యవస్థాపకుడు మహలనోబిస్ 1950ల చివర్లో పమేలా రాబిన్సన్ అనే లండన్ శాస్త్రవేత్తను పిలిపించి అక్కడ శిలాజాల పని మొదలుపెట్టించాడు.

మరి మలేరి వయసు ఇరవై రెండు, ఇరవై మూడు కోట్ల ఏళ్ల చుట్టుపక్కల అని ఎట్లా తెలిసింది? ఈ మట్టిరాళ్లలో నేరుగా వయసు కొలవదగ్గ ఖనిజం దొరకడం కష్టం. హైపెరోడపెడాన్ స్కాట్లాండ్‌లో, బ్రెజిల్‌లో, అర్జెంటీనాలో కూడా ఉంది. అర్జెంటీనాలో దాని పొరల మధ్య అగ్నిపర్వత బూడిద ఉంది, బూడిదలోని జిర్కాన్ అనే ఖనిజం వయసు కొలవొచ్చు. అదే జంతువు ఉన్న పొరలు దాదాపు ఒకే కాలానివి అని ఇక్కడికి లంకె వేస్తారు. ఒక్క జాతిని నమ్మి ఈ లంకె వేయొద్దు. ఒకచోట ముందే పోయిన జంతువు ఇంకోచోట కొన్నాళ్లు బతికి ఉండొచ్చు. మూడు, నాలుగు జీవుల జత కలవాలి.

ఇంకో జాగ్రత్త. ఒక పొరలో ఎముక దొరకలేదంటే ఆ జంతువు లేదని కాదు. భీమారం మందపు ఇసుకరాయిలో ఎముకలు తక్కువ, ఎందుకంటే వేగంగా పారే నది ఎముకను పిండి చేస్తుంది. ఒకే రకం రాయి ఉన్న పొరల మధ్యనే, మట్టిరాయిని మట్టిరాయితో, పోల్చండి. లేకపోతే రాయి మారిన చోటల్లా జీవులు అంతరించినట్టు కనబడుతుంది.

కంటికి కనబడనివి

పెద్ద ఎముకల మోజు అందరికీ ఉంటుంది, కానీ కోట పొరల అసలు ఖజానా చిన్న పళ్లలో ఉంది. రెబ్బెన వైపు పైకాసిగూడెం దగ్గర కోట మట్టిరాయి నుంచి ఆవగింజంత స్తన్యజీవుల పళ్లు తీశారు. కోట పొరల్లో దొరికిన కోటథీరియం అనే స్తన్యజీవికి 1981లో ఆ పేరు పెట్టారు. భారీ సారోపాడ్ల కాళ్ల కింద ఎలుకంత జంతువులు తిరిగాయన్నమాట.

పద్ధతి ఓపిక తప్ప ఖర్చు అడగదు. ఒకే పొర నుంచి, అనుమతితో, పది పదిహేను కిలోల మట్టిరాయి తీసుకొని ఎండలో రెండు మూడు రోజులు బాగా ఆరబెట్టాలి. తడి మట్టి నీళ్లలో విడదు, ఇది దాటేసి చాలామంది రోజంతా పిసుకుతారు. ఆరాక బకెట్టులో నీళ్లు పోసి ఒక రాత్రి వదిలేయాలి. పొద్దున అర మిల్లీమీటరు జల్లెడలో, నీళ్లు ధారగా పోస్తూ కడగాలి. చేత్తో రుద్దితే పళ్లు విరుగుతాయి. మిగిలిన గరుకును ఆరబెట్టి, నల్ల పళ్లెంలో సన్నగా పరిచి, తడిపిన కుంచె కొనతో ఏరాలి. మైక్రోస్కోపు లేకపోతే లెన్సుతో పొలుసులు, పెద్ద పళ్ల దాకా దొరుకుతాయి. ప్రతి సంచిలో పొర సంఖ్య రాసిన చీటీ ఒకటి లోపల, ఒకటి బయట. లోపలి చీటీ పెన్సిలుతోనే రాయాలి.

దొరికాక

ఎముక పొరలోనే ఉంటే దాన్ని తీయడం మీ పని కాదు. పక్కన స్కేలు పెట్టి దూరం నుంచి ఒకటి, దగ్గరి నుంచి రెండు ఫోటోలు తీయండి. అక్షాంశ రేఖాంశాలు రాయండి. మీరు గీసిన వరుస బొమ్మలో దాని ఎత్తు గుర్తు పెట్టండి. మట్టి కప్పి వచ్చేయండి. పగిలిన ఎముక మీద ఫెవిక్విక్ పోయొద్దు, మళ్లీ ఊడదు, లోపలి గదులు మూసుకుపోతాయి. నిపుణులు అసిటోన్‌లో కరిగించిన పారలాయిడ్ అనే జిగురు వాడతారు, తర్వాత మళ్లీ కరిగించి తీసేయవచ్చని. వాళ్లు ప్లాస్టర్ కట్టు వేసేటప్పుడు కూడా ముందు తడి టిష్యూ పేపరు పరిచి, దాని మీదనే ప్లాస్టర్‌లో ముంచిన గోనెపట్ట పేలికలు వేస్తారు. పేపరు మరిచిపోతే ప్లాస్టర్‌తో పాటు ఎముక పైపొర లేచిపోతుంది.

ఓసీ గనుల్లోకి, ఓబీ గుట్టల మీదికి సింగరేణి అనుమతి లేకుండా పోవద్దు. ఓబీ గుట్టలు జారతాయి. వాటిలోని బొగ్గు ముక్కలు లోపల తమంతట తామే రాజుకొని, పైన మామూలు మట్టిలా కనబడుతూ కాళ్లు కాలుస్తాయి. కవ్వాల్, ప్రాణహిత అభయారణ్యాల్లో అటవీశాఖ రాతపూర్వక అనుమతి కావాలి. ప్రాణహిత దాటి సిరొంచ వైపు అడుగుపెడితే మహారాష్ట్ర, అక్కడి అనుమతి వేరే. కాలం విషయానికొస్తే జనవరి నుంచి మార్చి మొదటి వారాల దాకా మంచిది. అప్పటికి గడ్డి ఎండుతుంది, వాన కొత్తగా కోసిన ఒర్రె గోడలు బయటపడతాయి. వానల్లో మలేరి ఎర్రమట్టి చెప్పులకు రెండేసి కిలోలు అంటుకొని నడవనివ్వదు.

సమాచారం ఇవ్వాల్సింది హైదరాబాద్ బండ్లగూడలోని భారత భూగర్భ సర్వే కార్యాలయానికి, లేదా దగ్గరి విశ్వవిద్యాలయం జియాలజీ విభాగానికి. ఫోటో ఒక్కటే వాట్సాప్‌లో పంపితే వాళ్లకు ఒరిగేదేమీ లేదు. వరుస బొమ్మ, వాలు కొలత, అడుగు నుంచి ఎన్ని మీటర్ల ఎత్తున దొరికిందన్న అంకె కూడా కలిపి పంపండి.